రహస్యానికీ ఓ తేదీ ఉండాలి

మొన్నామధ్య ఓ ఆదివారం ఇంట్లోవాళ్ళంతా పెళ్ళికెళ్తే, ఏం తోచక పాత మెయిళ్ళు దులుపుతూ కూర్చున్నాను. చదవనివి పద్నాలుగు వేల చిల్లర ఉన్నాయి. నవ్వకండి, మీవీ ఓసారి చూసుకోండి. వాటి మధ్యలో ఒక మెయిలు దగ్గర చెయ్యి ఆగిపోయింది. "మీ ఫాంటు కన్వర్టరులో భద్రతా లోపం ఉంది, దయచేసి చూడండి సర్" అని. తేదీ చూస్తే 47 రోజుల కిందటిది! దాని పైన అదే మనిషి దగ్గర్నుంచి మరో రెండు. ఆఖరిదాంట్లో, "మీరు పనుల్లో ఉండి ఉంటారు సర్. 60 రోజులు పూర్తయ్యాక నేను దీన్ని బయటపెట్టాల్సి వస్తుంది, ఏమీ అనుకోవద్దు" అని ఉంది.

కాఫీ చల్లారిపోయింది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

ముందు ఆ కన్వర్టరు కథ చెప్పాలి. యూనికోడు అలవాటు కాకముందు డీటీపీ వాళ్ళు తలో ఫాంటులో తెలుగు కొట్టేవాళ్ళు కదా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలకి బదులు పిచ్చిగీతలు కనపడేవి. అలాంటి పాత ఫైళ్ళని యూనికోడులోకి మార్చే చిన్న ప్రోగ్రామొకటి 2015లో జావాలో రాసి గిట్‌హబ్‌లో పెట్టాను. సొంత సర్వరు మీద పెట్టుకుని బ్రౌజర్లోంచి వాడుకోవచ్చు. "ఒక్కో ఫైలూ ఎక్కించలేక చస్తున్నామండీ" అని ఎవరో అడిగితే, జిప్ ఫైలు కూడా తీసుకునేలా ఓ రాత్రి కూర్చుని ముప్ఫై లైన్లు చేర్చాను. ఆ ముప్ఫై లైన్లే ఇప్పుడు కొంప ముంచాయి.

లోపం ఇదీ. జిప్ ఫైల్లో లోపలి ఫైళ్ళ పేర్లు కూడా ఉంటాయి. ఆ పేరు ముందు ఎవరైనా కావాలని "చుక్క చుక్క స్లాష్" పెడితే "ఒక ఫోల్డరు పైకి వెళ్ళు" అని అర్థం. అలా నాలుగైదుసార్లు పెడితే మనం విప్పమన్న ఫోల్డరు దాటి, సర్వరులో ఎక్కడ కావాలంటే అక్కడ ఫైలు రాసెయ్యొచ్చు. అసలు ప్రోగ్రాము మీదే తన ప్రోగ్రాము రాసిపెట్టొచ్చు. ఇక ఆ సర్వరు మనది కాదన్నమాట. నేను ఆ పేరుని సరిచూసుకోకుండా, వచ్చింది వచ్చినట్టు వాడేశాను.

అసలు సిగ్గుచేటు సంగతి ఇంకోటుంది. 2018 జూన్‌లో స్నిక్ అనే భద్రతా సంస్థ ఈ తరహా లోపానికి జిప్ స్లిప్ అని పేరుపెట్టి, ఎన్నో ప్రాజెక్టుల్లో ఇదే తప్పు ఉందనీ, జావాలో మరీ ఎక్కువనీ బయటపెట్టింది. ఆ వార్తని మా ఆఫీసులో అందరికీ ఫార్వార్డు చేసి "మన కోడు ఒకసారి చూసుకోండి" అని సుద్దులు చెప్పింది నేనే. నా కోడు నేను చూసుకోలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు!

మరి 47 రోజులు మెయిలు ఎందుకు చూడలేదూ అంటే, సాకు ఉంది. గిట్‌హబ్‌లో ఏదైనా పెట్టి, దానికింద మన చిరునామా ఇచ్చామంటే రకరకాల మెయిళ్ళొస్తాయి. "మీ సైటులో ప్రమాదకరమైన లోపం కనిపెట్టాను, బహుమతి ఎంతిస్తారు?" అని. తీరా చూస్తే ఏదో పరికరం నడిపి, అది చెప్పింది అతికించి పంపినవే. ఈ మధ్య ఏఐ చేత రాయిస్తున్నారు కాబట్టి అవి చక్కటి భాషలో, నాలుగేసి పేజీలుంటున్నాయి. చిన్నవాణ్ణి నాకే ఇలా ఉంటే పెద్దవాళ్ళ సంగతి అడగక్కర్లేదు. మనందరి ఫోన్లలో, టీవీల్లో, కార్లలో ఉండే కర్ల్ ప్రాజెక్టుని నడిపే డానియల్ స్టెన్‌బర్గ్ ఈ ఏఐ చెత్త గురించి ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. 2019 నుంచి లక్ష డాలర్లకి పైగా బహుమతులిచ్చిన ఆ ప్రాజెక్టు, చివరికి 2026 జనవరి ఆఖరుకి ఆ బహుమతుల పద్ధతే ఎత్తేసింది. డబ్బు ఉన్నంతకాలం చెత్త ఆగదని.

నేనేమో ఆ చెత్త భరించలేక, "సెక్యూరిటీ" అన్న మాటున్న మెయిళ్ళన్నీ వేరే ఫోల్డర్లో పడేలా ఫిల్టరు పెట్టుకున్నాను. ఆ ఫోల్డరు మళ్ళీ తెరిచిన పాపాన పోలేదు. పైగా భద్రత గురించి రాయాలంటే ఫలానా చోటికి రాయండి అని ప్రాజెక్టులో ఎక్కడా చెప్పలేదు. పాపం ఆ కుర్రాడు కోడు చరిత్ర తవ్వి నా చిరునామా పట్టుకున్నాడు. కాకినాడలో ఇంజనీరింగు మూడో ఏడాదట.

అతని మొదటి మెయిలు చదువుతుంటే నాకు నేనే గుర్తొచ్చాను. మంచిగా కాదు.

2017లో మా ఆఫీసు పనిలో ఓ ఓపెన్ సోర్సు లైబ్రరీ వాడుతూ దాంట్లో ఒక లోపం పట్టుకున్నాను. ఏదో నిధి దొరికినంత సంబరపడి, అందరికీ కనిపించేలా అక్కడే ఇష్యూ రాయబోతుంటే, మా టీములో పెద్దాయన ఒకరు వెనకనుంచి చూసి ఆపారు. "పక్కింటివాళ్ళు ఊరెళ్ళారు, తాళం సరిగ్గా పడలేదని చూశావు. నడివీధిలో నిలబడి అరుస్తావా, వాళ్ళకి ఫోను చేస్తావా?" అన్నారు. "ఫోను తియ్యకపోతే?" అన్నాను. "మళ్ళీ చెయ్యి. వేరేవాళ్ళ ద్వారా కబురుపెట్టు. అప్పటికీ పలక్కపోతే అప్పుడు ఆలోచించు" అన్నారు.

ఫోను చేశాను, అంటే మెయిలు రాశాను. ఇరవై రోజులు జవాబు లేదు. ఇరవయ్యొకటో రోజు ఘాటుగా ఇంకోటి రాశాను. భద్రత అంటే మీకు లెక్కలేదా, ఇన్ని వేలమంది వాడుతున్నారు, ఇంత బాధ్యతారాహిత్యమా అని. ఆ రాత్రే జవాబొచ్చింది. ఆయనో స్కూలు మాస్టారట. శని ఆదివారాల్లో మాత్రమే ఈ పని చూస్తారట. సరిచేసిన కోడు వారం కిందటే సిద్ధమైందనీ, పాత వెర్షన్లు వాడేవాళ్ళకి కూడా పనిచేస్తుందో లేదో ఒక్కొక్కటే పరీక్షిస్తున్నాననీ, ముందే చెప్పనందుకు క్షమించమనీ రాశారు. ఒక్క మాట తూలలేదు. ఆ మెయిలు చదివాక నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అలాంటి నేను ఇప్పుడు 47 రోజులు పలకలేదు. ఈ కుర్రాడు మాత్రం మూడో మెయిల్లో కూడా "ఏమీ అనుకోవద్దు సర్" అంటున్నాడు.

వెంటనే జవాబు రాశాను. సాకులు చెప్పకుండా, తప్పు నాదేనని. గంటలో సమాధానమొచ్చింది. "పర్లేదు సర్, మీరు ఉన్నారు, అదే చాలు" అన్నాడు. ఇంకో పదమూడు రోజుల గడువుంది కదా, అది పొడిగించమంటారా అని కూడా అడిగాడు. వద్దన్నాను. ఎందుకొద్దన్నానో కిందకొస్తే మీకే తెలుస్తుంది.

సరిచెయ్యడానికి పట్టింది రెండు గంటలు. ఫైలు ఎక్కడ రాయబోతున్నామో పూర్తి దారి లెక్కగట్టి, అది మన ఫోల్డరు లోపలే ఉందో లేదో చూసుకుంటే చాలు. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

ఓపెన్ సోర్సులో ఉన్న చిక్కేమిటంటే, మందు బయటపెట్టడమంటే రోగం పేరు చెప్పడమే. కంపెనీ సాఫ్టువేరైతే కొత్త వెర్షను వస్తుంది, లోపల ఏం మార్చారో కనుక్కోవడం కష్టం. ఇక్కడ ఏ లైను మారిందో ఎవరైనా చూడొచ్చు. ఎరుపు లైను పోయింది, పచ్చ లైను వచ్చింది. చూసేవాడికి లోపం ఎక్కడుందో అరటిపండు ఒలిచిపెట్టినట్టే. అప్పటికింకా కొత్త వెర్షను పెట్టుకోనివాళ్ళందరూ ఆ క్షణం నుంచి బరిలో ఉన్నట్టే.

లాగ్‌ఫోర్‌జే గుర్తుందా? ఎందుకు లేదు, 2021 డిసెంబరులో సగంమందికి నిద్రలేకుండా చేసింది కదా. అలీబాబా క్లౌడ్ భద్రతా బృందంలోని చెన్ జావోజున్ ఆ లోపాన్ని నవంబరు 24న అపాచీ వాళ్ళకి గుట్టుగానే చెప్పారు. పద్ధతి ప్రకారమే అంతా జరిగింది. కానీ పదిహేను రోజుల్లో, డిసెంబరు 9న, దాన్ని ఎలా వాడుకోవాలో జనంలోకి వచ్చేసింది. మర్నాడు శుక్రవారం. ధనుర్మాసం రాకముందే అని ముహూర్తం పెట్టిన మా బాబాయి కూతురి పెళ్ళిలో నేను లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని విడిదింట్లో కూర్చున్నాను. 2.15 పెట్టాం, చాల్లేదన్నారు. 2.16 అన్నారు, తర్వాత 2.17, నెలాఖరుకి 2.17.1. "ఈ అబ్బాయికి పెళ్ళిలో కూడా పనేనా" అని మా పిన్ని వాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు. ఆ లైబ్రరీని నడిపేవాళ్ళలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. వాళ్ళు ఇంకెన్ని తిట్లు తిన్నారో!

సరే, నా చిన్న కథకొస్తాను. గిట్‌హబ్‌లో ఇలాంటి పనికోసం ఓ సదుపాయం ఉంది. లోపం వివరాలు గుట్టుగా రాసుకుని, పక్కన ప్రైవేటు నకలులో కోడు సరిచేసుకుని, సిద్ధమయ్యాక ఒకేసారి బయటపెట్టొచ్చు. లోపానికి అందరూ గుర్తుపట్టే ఒక నంబరు, అదే సీవీఈ, అది కూడా అక్కణ్ణుంచే అడగొచ్చు. చూసేవాళ్ళు నేరుగా మనకి ప్రైవేటుగా చెప్పే బటను కూడా 2023 నుంచీ అందరికీ అందుబాటులో ఉంది. కాకపోతే దాన్ని మనం ఆన్ చేసుకోవాలి. నేను చేసుకోలేదు. ఆ ఆదివారమే చేశాను.

ఇక ముందుగా ఎవరికి చెప్పాలి? నా కన్వర్టరు వాడుతున్నారని నాకు కచ్చితంగా తెలిసినవాళ్ళు మూడు చోట్ల ఉన్నారు. తెనాలిలో ఓ ప్రెస్సు, పాత పత్రికలు స్కాను చేసి కాపాడుతున్న కొందరు ఔత్సాహికులు, అమెరికాలో ఏటా సావనీరు వేసే ఒక తెలుగు సంఘం. ముగ్గురికీ చెప్పాను. సంఘం వాళ్ళు ఆ సాయంత్రమే కొత్తది పెట్టేసుకున్నారు. ఔత్సాహికులు రెండ్రోజుల్లో. తెనాలి ప్రెస్సు మాస్టారు మాత్రం "ఇప్పుడు దాన్ని ముట్టుకోను నాయనా. నాలుగొందల పేజీల పుస్తకం మధ్యలో ఉంది. పదిహేను రోజులాగు, నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నారు. ఆయన భయం ఆయనది. పోయినసారి నేను కొత్త వెర్షను ఇచ్చినప్పుడు వత్తులన్నీ చెల్లాచెదురై రెండు రోజులు ప్రూఫులు దిద్దుకున్నారు మరి.

పదిహేను రోజులు ఆగితే కుర్రాడి గడువు దాటిపోతుంది. అడిగితే అతను ఒప్పుకుంటాడు. అక్కడే ఓ రాత్రంతా ఆలోచించాను. నాకు తెలిసిన ఒక మాస్టారి కోసం, నాకు తెలియని ఎంతమందిని తలుపు తీసి ఉంచి పడుకోమంటున్నాను? ఈ కుర్రాడు కనిపెట్టింది ఇంకెవడూ కనిపెట్టలేదని నమ్మకమేంటి?

ఊరికే వచ్చిన భయం కాదిది. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్ళపాటు ఎవరి కంటా పడలేదు. తీరా పడ్డప్పుడు గూగుల్‌లో నీల్ మెహతా ఒకవైపు, ఫిన్లాండుకి చెందిన కోడెనోమికాన్ వాళ్ళు మరోవైపు, ఒకరికి తెలియకుండా ఒకరు పట్టుకున్నారు. ఇద్దరికి దొరికింది మూడోవాడికి దొరకదా? అప్పుడు జరిగిన ఇంకో గొడవ, ఎవరికి ముందు తెలిసింది అన్నది. ఏప్రిల్ 7న లోకానికి తెలిసేసరికే గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ లాంటివాళ్ళు తమ సర్వర్లు సరిచేసుకుని ఉన్నారు. మిగతావాళ్ళు ఆ రోజు అందరితోపాటే తెలుసుకుని పరుగులు పెట్టారు. ఇంతమంది ఆధారపడ్డ ఆ ప్రాజెక్టుకి అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు!

అందుకని గడువు పొడిగించలేదు. మాస్టారికి మళ్ళీ ఫోను చేశాను. "కొత్తది పెట్టొద్దు లెండి. పుస్తకం అయ్యేదాకా బయటివాళ్ళకి కనపడకుండా మీ ఆఫీసులోపలే నడపండి, అది నేను చేసిపెడతాను" అన్నాను. పది నిమిషాల పని. మొదటిరోజే ఈ ఆలోచన వచ్చుంటే ఆ రాత్రి నిద్రపట్టేది. 58వ రోజున, కుర్రాడి పేరుతో సహా, వివరాలన్నీ బయటపెట్టాను. హమ్మయ్య అనుకున్నాను.

మూడోరోజు వరంగల్ నుంచి ఓ మెయిలు. ఒక స్కూల్లో కంప్యూటరు టీచరుగారు. పాత పాఠాలు మార్చుకోడానికి నా కన్వర్టరు నాలుగేళ్ళుగా వాడుతున్నారట. "మీరు ప్రకటించిన రోజు నేను ఊళ్ళో లేనండీ. మా సర్వరు రెండ్రోజులు అలాగే ఉండిపోయింది. అదృష్టం బావుండి ఏమీ కాలేదు. కొందరికి ముందే చెప్పారట కదా, మాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు.

ఏం చెప్పను? మీరు వాడుతున్నారని నాకు తెలియదండీ అని రాశాను. అది నిజమే. కానీ అది జవాబు కాదని రాస్తున్నప్పుడే తెలుసు. హార్ట్‌బ్లీడ్ అప్పుడు పెద్ద కంపెనీలకి ముందు తెలిసిందని పళ్ళు నూరినవాణ్ణి, నా ముచ్చటైన ముగ్గురు వాడుకరుల దగ్గర నేనూ సరిగ్గా అదే పని చేశాను.

తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. రహస్యం దాచొచ్చు. కానీ తేదీ దాచక్కర్లేదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్ళు హార్ట్‌బ్లీడ్ తర్వాత నేర్చుకుంది ఇదే. 2022 అక్టోబరు 25న, "నవంబరు 1 మంగళవారం ఒక ముఖ్యమైన వెర్షను వస్తోంది, సిద్ధంగా ఉండండి" అని చెప్పారు. ఏమిటి, ఎక్కడ అన్నది చెప్పలేదు. లోకమంతా ఆ రోజుకి మనుషుల్ని కూర్చోబెట్టుకుంది. తీరా చూస్తే అనుకున్నంత ప్రమాదం కాదని తేలింది, అది వేరే సంగతి. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్ళు 90 రోజుల గడువుకి పేరుమోసినవాళ్ళు. 2025 జూలైలో వాళ్ళు ఇంకో అడుగు వేసి, ఫలానా ఉత్పత్తిలో లోపం చెప్పాం, గడువు ఫలానా తేదీ అని వారం లోపే ప్రకటించడం మొదలుపెట్టారు. వివరాలు మాత్రం గుట్టే. లినక్సు పంపిణీల వాళ్ళు తమలో తాము గుట్టుగా మాట్లాడుకునే చోట కూడా 14 రోజులకి మించి ఏ రహస్యమూ దాచకూడదని నియమం.

నేనూ "వచ్చే శుక్రవారం సాయంత్రం ఒక భద్రతా సవరణ పెడుతున్నాను, అందరూ అందుబాటులో ఉండండి" అని ఒక్క లైను ముందే రాసిపెట్టి ఉంటే, వరంగల్ టీచరుగారు ఊరెళ్ళేముందు సర్వరు ఆపుకుని వెళ్ళేవారు. ఒక్క లైను!

ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఈ రహస్యం మొయ్యడానికి కూలి ఎవరిస్తున్నారు? పెద్ద పెద్ద కంపెనీల సాఫ్టువేర్లలో ఉండే లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2ని అప్పట్లో జీతం లేకుండా చూసుకుంటూ వచ్చిన ఆయన 2025 జూన్‌లో చేతులెత్తేశారు. ఇకమీద భద్రతా లోపాలకి గుట్టూ గడువూ ఉండవు, మామూలు బగ్గుల్లాగే అందరిముందూ చూస్తాను, వీలున్నప్పుడు సరిచేస్తాను అన్నారు. చాలామందికి అది మొండితనంగా కనిపించింది. నాకు మాత్రం ఆ పదకొండు రోజుల తర్వాత అర్థమైంది. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, ఇంకెన్ని రోజులు అని లెక్కలు చూసుకోవడం కోడు రాయడంకన్నా నాలుగింతల పని. నాకు ముగ్గురికే నిద్ర పట్టలేదు. ఆయనకి లోకమంతా వాడుకరులే.

అందుకని పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పను. గిట్‌హబ్‌లో మీదంటూ ఏదైనా ఉంటే, ఎంత చిన్నదైనా సరే, ఈ శనివారం ఓ అరగంట కేటాయించండి. లోపం కనిపిస్తే ఎక్కడికి రాయాలో, ఎన్నాళ్ళలో పలుకుతారో రెండు లైన్లు రాసిపెట్టండి. ప్రైవేటుగా చెప్పే బటను ఆన్ చెయ్యండి. మీకిక ఓపిక లేకపోతే ఆ మాటే రాసెయ్యండి, అదీ ఒక జవాబే. మీరే ఎవరికైనా లోపం చెప్పాల్సొస్తే, గడువు మర్యాదగా చెప్పండి, కానీ చెప్పండి. అవతల ఉన్నది కంపెనీ కాదు, శనివారాలు మాత్రమే ఉన్న ఓ మాస్టారు కావచ్చని గుర్తుపెట్టుకోండి.

తెనాలి పుస్తకం అచ్చయింది. మాస్టారు ఓ కాపీ పంపారు, వత్తులన్నీ ఉన్నాయి. కాకినాడ కుర్రాడిప్పుడు ఆ కన్వర్టరుకి రెండో నిర్వాహకుడు. భద్రత మెయిళ్ళు ఇద్దరికీ వస్తాయి, ఎవరు ముందు చూస్తే వాళ్ళు మూడు రోజుల్లో "అందింది" అనైనా రాయాలని ఒప్పందం. పోయిన వారం ఒకటొచ్చింది. ఏఐ రాసిన చెత్తే, నాలుగు పేజీలు. అయినా ఆఖరి లైను దాకా చదివి, రెండోరోజే జవాబిచ్చాను.

ఆ ఫిల్టరు తీసేశాను లెండి.